కట్టు మనిషి

యూనియన్ క్లబ్బుని వదిలేసి స్టార్ క్లబ్బు పక్కకి పోయిన ఒక్కొక్కణ్ణీ నేను తిట్టినట్టు చోడవరంలో ఇంకెవరూ తిట్టి ఉండరు. సంతలో ఎదురుపడితే మొహం మీద ఉమ్మేసినంత పని చేసేవాణ్ణి. "థూ, నీదీ ఒక బతుకేనా" అని వాళ్ల పెళ్లాలు వింటుండగానే అన్నాను. ఈ సంగతి ముందే చెప్పేసుకోవడం మంచిది. తర్వాత మీరు నన్ను తిట్టుకునేటప్పుడు ఇది కూడా కలుపుకోవచ్చు.

నా పేరు సత్యారావు. తాలూకా కచేరీ ఎదురుగా నాది సైకిల్ షాపు. పంచర్లు వేసే చెయ్యి కాబట్టి క్లబ్బు ఫుట్‌బాల్ లోపలి బ్లాడరుకి మాసికలు వేసేదీ నేనే. యూనియన్ క్లబ్బంటే గొప్పదేమీ కాదు. బళ్లు తోలేవాళ్లు, నేత పనివాళ్లు, చెరుకు కొట్టే కూలీలు, కోర్టు బంట్రోతు ఒకడు, అంతా కలిపి పదకొండు మంది. ఒక్కడికీ బూట్లు లేవు. ఉత్త కాళ్లతోనే హైస్కూలు గ్రౌండులో ఆడేవారు. అయినా అనకాపల్లి జట్టొచ్చినా, నర్సీపట్నం జట్టొచ్చినా ఊరంతా మావాళ్ల వెనకే నిలబడేది.

మా క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉండేది. పాత పంచె మూడు వేళ్ల వెడల్పున చింపి, మడమ దగ్గర మొదలెట్టి చీలమండ మీదుగా పాదం సగం దాకా బిగించి కట్టేవారు. ఆ కట్టు ఆటగాడు తనంతట తాను కట్టుకోకూడదు. అభిమానుల్లో ఒకడు కట్టాలి. ఒకడికి కట్టినవాడు ఇంకొకడికి కట్టకూడదు. గుడ్డ కూడా కట్టేవాడి ఇంటిదే అయ్యుండాలి. గెలిస్తే ఉతికి దాచుకుని మళ్లీ అదే కట్టాలి, ఓడితే పొయ్యిలో పెట్టెయ్యాలి. అలాంటి అభిమానిని కట్టు మనిషి అనేవారు. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా "ఫలానా వాడి కట్టు మనిషండీ" అని చెప్పుకునేవారంటే మీరు నమ్మరు.

నేను పరదేశికి కట్టు మనిషిని.

పరదేశి లెఫ్ట్ ఔట్, ముందు వరసలో ఎడం పక్క చివర ఆడేవాడు. బుచ్చయ్యపేట రోడ్డులో వాళ్ల పాక. చెరుకు కొట్టే కూలి. సన్నగా ఉండేవాడు గానీ బంతి దొరికితే గీత వెంబడే పోయేవాడు, వాణ్ణి పట్టుకోవడం ఎవడి తరమూ అయ్యేది కాదు. నేను మొదటిసారి కట్టు కట్టిన రోజు ఎడమ కాలు నా ఒళ్లో పెట్టి, అటూ ఇటూ చూసి, చీలమండ లోపలి పక్క ఎముక చూపించాడు. అక్కడ తోలు నల్లగా ముడుచుకుపోయి ఉంది.

"సెరుకు కత్తి జారి తగిలీసిందిరా సత్యం. ఎముక ఒంకరగా అతికింది. పైన ఏటీ తెలీదు గానీ అక్కడ గట్టిగా తగిలితే కాలు సచ్చిపోతాది. ఈ సంగతి నీకూ నాకే తెలాల. తెలిస్తే పెతీవోడూ అక్కడే తంతాడు. ఆ కాలు పోతే నాను సేలో నిలబడి కత్తి పట్టుకోలేను. మా దేముడమ్మా, పిల్లలూ గంజికి కూడా గతి లేకుండా పోతారు."

"నీ పెళ్లానికి తెలీదేటి?" అన్నాను.

"తెలిస్తే ఆడనిస్తాదేటి?" అని నవ్వాడు.

ఆ రోజు నుంచి కట్టు మడతల మధ్య, ఆ ఎముక మీద, పాత సైకిల్ ట్యూబు ముక్క నాలుగు పొరలుగా మడిచి పెట్టేవాణ్ణి. గుడ్డ పైన ఏమీ తెలిసేది కాదు. ఆట రోజు పొద్దున్నే ఆ ముక్క నా చొక్కా జేబులో వేసుకునేవాణ్ణి. ఆరేళ్లపాటు అలా కట్టాను. ఆరేళ్లలో ఒక్కనాడు కూడా నా కట్టు ఊడలేదు.

యాభై అయిదులో బంగార్రాజు గారికి ఫుట్‌బాల్ మీద మోజు పుట్టింది. ఆయనకి రైసు మిల్లుంది, రెండు లారీలున్నాయి. స్టార్ క్లబ్బని పెట్టాడు. విశాఖపట్నం నుంచి ఆటగాళ్లని తెచ్చాడు. పదకొండు మందికీ బూట్లు, ఎర్ర జెర్సీలు. గ్రౌండులో ఒక పక్క షామియానా, బెంచీలు, అభిమానులకి గోలీ సోడాలు, చొక్కాకి పెట్టుకోడానికి ఎర్ర రిబ్బను బేడ్జీలు. మావాళ్లు ఎండలో గోడ కింద కూర్చుంటే వాళ్లు నీడలో కూర్చుని ఈలలు వేసేవారు. మొదటి ఏడే చుట్టుపక్కల జట్ల పోటీల్లో షీల్డు కొట్టేశారు.

ఇక మొదలైంది. గోల్‌కీపరు కట్టు మనిషి ఒకనాడు రాలేదు. జబ్బు చేసిందేమో అనుకున్నాం. ఆట మొదలయ్యాక చూస్తే షామియానాలో సోడా తాగుతున్నాడు, దరిద్రుడు. వాడి గుడ్డ మాత్రం మడత పెట్టి స్కూలు గోడ మీద ఉంది. చేతికి ఇవ్వడానికి మొహం చెల్లక అక్కడ పెట్టిపోయాడు. అది చూసి మిగతావాళ్లకి దారి తెలిసింది. ఆటాటకీ గోడ మీద ఒకటో రెండో గుడ్డలు కనపడేవి. నేను ఆ గుడ్డల్ని చేత్తో ఎత్తి పట్టుకుని, షామియానాకేసి చూపించి బండబూతులు తిట్టేవాణ్ణి. ఆఖరికి మిగిలింది ఇద్దరం, నేనూ, టైలరు సుల్తానూ. సుల్తాన్ నోరు మెదపకుండా ఆనవాయితీ పక్కన పెట్టి అందరి కాళ్లూ తనే కట్టడం మొదలెట్టాడు. పరదేశి కాళ్లు మాత్రం నావి.

మరి నేనెందుకు పోయాను? చాలాసార్లు ఆలోచించాను. ఎవరో లాగారని చెప్పుకుంటే బాగుండును గానీ ఎవరూ లాగలేదు. నాకు ఓడిపోవడం విసుగెత్తింది, అంతే. షీల్డు పోటీలకి ముందు, మాడుగుల జట్టు చేతిలో నాలుగు గోల్స్ తిని వచ్చిన మర్నాడు షాపుకొచ్చినవాడల్లా "ఏటి సత్యారావూ, ఈయాల పొయ్యి బాగా మండిందేటి?" అని కట్టు గుడ్డ గురించి వెటకారం చేసి పోయాడు. పంచరు వేయించుకోడానికి వచ్చినవాడు కూడా నన్ను చూసి నవ్వుతాడా! ఆ రాత్రి అన్నం సహించలేదు. సరిగ్గా ఆ వారంలోనే బంగార్రాజు గారు తన లారీని నా షాపు ముందు ఆపించి, కొత్త బంతి ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఏవోయ్, మా బంతులు కూడా నువ్వే సూసుకోరాదూ? ఆట రోజు షామియానాలో మా పక్కనే కూర్చుందువు గాని. ఇంత పనోడివి ఆ గోడ కింద ఎండలో ఎందుకోయ్?"

ఎంతో మర్యాదగా అడిగాడు. ఊళ్లో అంత పెద్దమనిషి నన్ను అలా అడగడం అదే మొదలు. సరేనండీ అన్నాను. అనేశాక ఇక గుడ్డ సంగతి, తర్వాతి ఆటకని కొత్తగా చింపి ఉంచింది. నేను ఎవరెవరిని తిట్టానో వాళ్లలాగే, ఎవరూ లేని వేళ చూసుకుని వెళ్లి, గోడ మీద పెట్టి వచ్చేశాను.

యాభై ఏడు మాఘమాసంలో షీల్డు ఫైనలు. చెరుకు కోతలు జోరుగా సాగుతున్నాయి. ఫైనల్లో స్టార్ క్లబ్బు, యూనియన్ క్లబ్బు. యూనియన్ అంతదాకా రావడం పరదేశి ఒక్కడి పుణ్యమే. సెమీఫైనల్లో రెండు గోల్సూ వాడివే, నా కట్టు లేకుండానే. నేను మొదటిసారి షామియానాలో బెంచీ మీద కూర్చున్నాను. కూర్చున్నాను గానీ నా చొక్కాకి బేడ్జీ లేదు. ఎవరూ ఇవ్వలేదు. నాకంటే ముందు వచ్చినవాళ్లు, నేను తిట్టినవాళ్లే, ఇప్పుడు నన్ను చూసి ముసిముసిగా నవ్వుకుంటున్నారు.

"ఈడు పరదేశి కట్టు మనిషండీ. ఇక్కడి మాటలు అక్కడికి మోస్తాడు, జాగర్త" అన్నాడు గోల్‌కీపరు పాత కట్టు మనిషి. అందరూ గొల్లున నవ్వారు.

అప్పుడే బూట్ల లేసులు బిగించుకుంటూ దాసు తలెత్తాడు. విశాఖపట్నం నుంచి తెచ్చిన బ్యాక్ అతను, గోలు ముందు కాపు కాసేవాడు, మనిషి దున్నపోతులా ఉంటాడు. "ఆ లెఫ్ట్ ఔట్‌ని ఎలాగ ఆపాలో ఎవడైనా సెప్తే బాగుణ్ణు. ఆడు దొరకడు" అన్నాడు.

ఒక్కొక్కరూ నావైపు తిరిగారు. బంగార్రాజు గారు కూడా చూశాడు. ఏమీ అడగలేదు, ఊరికే చూశాడు. నా ఒంట్లో ఏదో పొగరు పుట్టుకొచ్చింది. నేనూ ఒక మనిషినే, నాకూ ఒక సంగతి తెలుసు అని చెప్పుకోవాలనిపించింది.

"ఎడం కాలు. సీలమండ లోపలి ఎముక. అక్కడ ఒక్కటి తగిలితే ఓ గంట లేవలేడు" అన్నాను.

నిజంగా గంట అనే అనుకున్నాను. ఆట అయ్యాక లేస్తాడనీ, నాలుగు రోజులు కుంటుతాడనీ, మేం గెలుస్తామనీ అనుకున్నాను. ఎవడో వీపు చరిచాడు. బంగార్రాజు గారు జేబులోంచి ఎర్ర బేడ్జీ తీసి తన చేత్తో నా చొక్కాకి గుచ్చాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతోనండీ, సిగ్గుతో కాదు. సిగ్గు తర్వాత వచ్చింది.

ఆ బేడ్జీ పెట్టి పావుగంట కాలేదు, పరదేశి గ్రౌండుకి అడ్డంగా నడిచి షామియానా దగ్గరికి వచ్చాడు. ఉత్త కాళ్లు. చేతిలో గుడ్డ. నేను గోడ మీద పెట్టి వచ్చిన గుడ్డే అది, అంచు నీలి రంగు, నా పెళ్లినాటి పంచెది. ఈలలు ఆగిపోయాయి.

"ఒరే సత్యం, నీ క్లబ్బు నీ ఇష్టంరా. దానికి నానేటీ అన్ను" అన్నాడు. "కట్టు మట్టుకు నువ్వు కట్టు. ఈ ఒక్క ఆటకి. సుల్తాన్ కడతానన్నాడు గానీ ఎడం కాలు నాను ఆణ్ణి ముట్టనియ్యలేదు. ఎందుకో నీకు తెలుసు గదా." తర్వాత గొంతు తగ్గించి, "ట్యూబు ముక్క ఉందేటి?" అన్నాడు.

ఉంది. అలవాటు కొద్దీ పొద్దున్న జేబులో వేసుకునే వచ్చాను. బేడ్జీ గుచ్చిన జేబులోనే ఉంది. దాసు పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఆ ఒక్క నిమిషంలో నేను ఏమైనా చెయ్యొచ్చు. కట్టొచ్చు. ముక్క చేతిలో పెట్టి పంపొచ్చు. "ఈయాల ఆడొద్దురా" అని చెవిలో చెప్పొచ్చు. కానీ బెంచీ మీదున్నవాళ్లంతా నా మొహం చూస్తున్నారు. వంగి వాడి కాలు ముట్టుకుంటే ఇంతసేపు సంపాదించుకున్నదంతా పోతుందనిపించింది.

"నాను స్టార్ క్లబ్బు మనిషిని. ఎల్లు" అన్నాను.

పరదేశి నా బేడ్జీ చూశాడు. "సరేలే" అని వెళ్లిపోయాడు. అవతల గోడ కింద కూర్చుని, ఎడమ కాలు తనే కట్టుకుంటుంటే ఇవతల నుంచి చూశాను. మడమ దగ్గర వదులుగా వేశాడు. ఆ వదులు నాకు అంత దూరం నుంచి తెలిసింది.

మొదటి సగం గోల్స్ లేవు. దాసు రెండుసార్లు ప్రయత్నించాడు, పరదేశి తప్పించుకున్నాడు. షామియానాలో గోల చేస్తున్నారు. నేను మాత్రం బంతిని చూడడం లేదు. ఆ కట్టునే చూస్తున్నాను. సగం అయ్యేసరికే అది ఊడి పాదం మీదికి జారిపోయింది. వంగి ఒకసారి బిగించుకున్నాడు, మళ్లీ జారింది. రెండో సగంలో మూలన బంతి దొరికించుకుని పరిగెత్తాడు. దాసు బంతి వైపు కాలు వెయ్యనే లేదు. బూటు ఎత్తి, అడుగున మేకులు కొట్టిన తోలు బిళ్లలతో, చీలమండ లోపలి పక్కన తొక్కాడు.

ఆ చప్పుడు షామియానా దాకా వినపడింది. రిఫరీ ఈల వేశాడు, ఫౌలిచ్చాడు. ఫౌలిస్తే ఏమవుతుంది? పరదేశి లేవబోయి పడ్డాడు, మళ్లీ లేవబోయి పడ్డాడు. ఇద్దరు పట్టుకుని ఎత్తారు. కాలి మీద నుంచి నెత్తురు కారుతోంది. వాడు దాసుకేసి చూడలేదు. తన కాలుకేసి కూడా చూడలేదు. తలెత్తి షామియానాకేసి, సూటిగా నాకేసి చూశాడు. నేను తల దించి, ఒళ్లో ఉన్న స్పేరు బంతి లేసు సర్దుతున్నట్టు నటించాను.

స్టార్ క్లబ్బు రెండు గోల్స్‌తో గెలిచింది. డప్పులతో, లారీ మీద ఊరేగింపు. నన్నూ ఎక్కించారు. కొత్తూరు దాకా ఎర్ర గుడ్డ ఊపుతూ అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే మర్నాడు గొంతు పోయింది. అరుస్తున్నంతసేపూ, నేను తన్నలేదు కదా, తన్నింది దాసు కదా అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

తర్వాతి సంగతులన్నీ సుల్తాన్ చెప్పగా తెలిసినవే. పసుపూ సున్నం పెట్టి కట్టారట. మూడో రోజున కోతకి వెళ్లకపోతే మేస్త్రీ వేరేవాణ్ణి పెట్టుకుంటాడని, కర్ర ఊతంతో చేలోకి దిగాడట. తడి నేల, చెరుకు మోళ్లు. ఎనిమిదో రోజుకి కాలు మోకాలి దాకా ఉబ్బిపోయి, జ్వరంతో మాటలు తడబడుతుంటే, సుల్తానే బస్సెక్కించి అనకాపల్లి తీసుకుపోయి, అక్కడ నుంచి రైలు మీద విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చేర్చాడు. ఆలస్యమైపోయిందన్నారు డాక్టర్లు. మనిషి దక్కాలంటే ఇంకో దారి లేదన్నారు. మోకాలి కింద తీసేశారు.

ఈ మాట సుల్తాన్ నా షాపు ముందు సైకిల్ దిగకుండానే చెప్పాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "చెప్పాలని చెప్పాను" అని వెళ్లిపోయాడు. నేను బేడ్జీ తీసి పనిముట్ల డబ్బాలో, ట్యూబు ముక్క పక్కన పడేశాను. ఆ తర్వాత గ్రౌండుకి వెళ్లలేదు. బంగార్రాజు గారు రెండుసార్లు మనిషిని పంపించి, మూడోసారి మానేశాడు. ఇంకొకడు దొరికాడు.

రెండు నెలలు అయ్యాక, ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక పొద్దున్న దేముడమ్మ షాపుకొచ్చింది. పరదేశి పెళ్లాం. నేను గొళ్లెం వేసుకుని లోపల దాక్కుందామా అనుకున్నాను.

"అన్నయ్యా, మీ సావాసగాణ్ణి ఇంటికి తెచ్చీసేం" అంది. "పుండు ఇంకా పూర్తిగా మానలేదు. రోజు మార్సి రోజు కట్టు మార్సమన్నారు ఆసుపత్రిలో. నాను కడితే జారిపోతంది, నా సేతులు వొణుకుతున్నాయి. సుల్తాన్ భాయి కడతానంటే ఈయన వొద్దంటన్నాడు. సత్యాన్ని రమ్మను, ఆడి కట్టయితే ఊడదు అంటన్నాడు. ఓపాలి వస్తావా?"

వెళ్లాను. వెళ్లకుండా ఎలా ఉండను? పాక ముందు నులక మంచం మీద కూర్చున్నాడు. ఎముకలు తేలిపోయాయి. పక్కన ఆసుపత్రివాళ్లిచ్చిన తెల్ల గుడ్డ చుట్ట ఉంది. నన్ను చూసి, తెగిన కాలు మోకాలి దగ్గర పట్టుకుని ముందుకి చాపాడు. నేను కింద కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను, ఆరేళ్లు పెట్టుకున్నట్టే. పాత గుడ్డ విప్పాను. ఏం చూశానో చెప్పను. వేడినీళ్లతో తుడిచి, మందు రాసి, కట్టడం మొదలెట్టాను. నా చేతులకి పని తెలుసు, అవి వాటి మానాన అవి తిరుగుతున్నాయి. ఒకచోట మాత్రం ఆగి నా కుడిచెయ్యి జేబు తడుముకుంది.

"ట్యూబు ముక్క ఇప్పుడక్కర్లేదు" అన్నాడు పరదేశి.

నేను గుడ్డ చుట్టడం ఆపేశాను. దేముడమ్మ పొయ్యి దగ్గర ఉంది. వాడు గొంతు తగ్గించి, "ఆ ఎముక సంగతి దీనికి కూడా సెప్పలేదురా నాను. ఇప్పటికీ దీనికి తెలీదు. దాసు గాడికి మట్టుకు తెలిసింది" అన్నాడు.

"ఒరే పరదేశీ, నాను..."

"కట్టు. ఆపకు. వొదులైపోతంది."

కట్టాను. ఏడుపు వస్తోంది, ముక్కు కారుతోంది, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. కాళ్లు పట్టుకుని క్షమించమని అడుగుదామంటే పట్టుకోడానికి ఉన్నది ఒక్కటే కాలు. తిడతాడేమో, మీద ఉమ్మేస్తాడేమో అని చూశాను. వాడు నా తల మీదుగా రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆఖరి ముడి వేసి, బిగువు చూసి, కాలు మెల్లగా మంచం మీద పెట్టాను.

దేముడమ్మ గ్లాసుతో మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చింది. చెంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఊరోళ్లందరూ మమ్మల్ని ఒగ్గీసేరు అన్నయ్యా, ఒదిలీసి పోయేరు. గోలు కొట్టినప్పుడు బుజాల మీద మోసినోళ్లు ఒక్కడూ ఈ గుమ్మం తొక్కలేదు. సుల్తాన్ భాయి తరవాత నువ్వొక్కడివే ఒగ్గలేదు."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. పరదేశి అప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"అవునే. ఈడు ఒగ్గడు" అన్నాడు. "ఎల్లుండి మళ్లీ వస్తాడు."